బోర్డు రెండోవైపు

కిందటి వారం మిమ్మల్ని పెద్ద డాక్టరమ్మ గది గుమ్మంలో నిలబెట్టి వెళ్ళిపోయాను. ఏం చేయను, ఆ గుమ్మం దాటే ధైర్యం నాకే లేకపోయింది. ఈ వారం దాటక తప్పదు.

ఈ కథలోకి కొత్తగా చేరినవాళ్ళకి నాలుగు మాటలు. నేను కంటి ఆసుపత్రిలో సిస్టర్ని, ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు. మా అన్నయ్యది కళ్ళజోళ్ళ కొట్టు. పేటలో ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు, అద్దాలాయన అంటేనే దారి చూపిస్తారు. మూడు వారాల కిందట మా ఆసుపత్రిలోనే, మా పెద్ద డాక్టరమ్మే స్వయంగా, అన్నయ్య కుడికంటికి శుక్లం ఆపరేషన్ చేసింది. చేస్తుండగా కటకాన్ని పట్టి ఉంచే దారాలు తెగి, కటకం మొత్తం కంటి వెనక భాగంలోకి జారిపోయింది. రెండోరోజు ఇంకో డాక్టరు వచ్చి దాన్ని వెనకనుంచి తీశాడు. తీశాక కంట్లో ఒత్తిడి పెరిగింది, నరం దెబ్బతింది. ఇప్పుడు ఆ కంటి ముందు చెయ్యి ఊపితే ఏదో కదిలినట్టు తెలుస్తుంది, అంతే.

"ఎడమకన్ను ఉందిగా, బంగారం లాంటి కన్ను" అని అన్నయ్య మూడు వారాలుగా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతున్నాడు. మంగళవారం పొద్దున ఆ బంగారాన్ని చూపించుకోవడానికే వచ్చాం. చుక్కలు వేసి గంట కూర్చోబెట్టాక డాక్టరమ్మ ఒకసారి చూసి, ఏమీ అనకుండా వరండాలోకి వచ్చి, "సిస్టర్, మీవాళ్ళిద్దర్నీ తీసుకుని లోపలికి రండి, తలుపు వేయండి" అంది. అక్కడ ఆపాను.

వేశాను తలుపు.

గది పొడుగ్గా ఉంటుంది. ఈ చివర పరీక్ష యంత్రం, దానికి గడ్డం ఆనించే పట్టీ. ఆ చివర గోడకి గొలుసుతో వేలాడే అంకెల బోర్డు. వదిన చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. అన్నయ్య యంత్రం ముందున్న కుర్చీ కోసం చెయ్యి చాపి తడుముకుంటుంటే, చుక్కలు వేస్తే ఎవరికైనా అలాగే ఉంటుందిలే అనుకున్నాను. అంత సర్వీసు పెట్టుకుని అంతకన్నా తెలివైన ఆలోచన రాలేదు నాకు.

"గడ్డం ఆనించండి. నుదురు ముందుకి," అంది డాక్టరమ్మ.

"నలభై ఏళ్ళుగా జనం ముక్కుల మీద అద్దాలు సవరించినవాణ్ణి డాక్టరమ్మా. గడ్డం ఎక్కడ పెట్టాలో నాకే చెబుతున్నారా," అన్నాడు అన్నయ్య.

ఆమె నవ్వలేదు. మామూలుగా అన్నయ్య మాటలకి నవ్వుతుంది. యంత్రం పక్కన, నేర్చుకునేవాళ్ళు చూడటానికి ఇంకో గొట్టం ఉంటుంది. అందులోంచి నన్ను చూడమని వేలితో సైగ చేసింది.

చూశాను. మూడు విడతలు చుక్కలు వేసినా కంటిపాప ఆవగింజ కన్నా కాస్త పెద్దగా విచ్చుకుందంతే. దాని అంచంతా తెల్లపొట్టు, పాత పుస్తకం దులిపినప్పుడు పడే పొట్టులాగా, చుట్టూ అతుక్కుని ఉంది. వెనకాల కటకం చిక్కటి టీ రంగులో ఉంది. "మీ చెవివైపు చూడండి, ఇప్పుడు నేరుగా నా వైపు" అంది డాక్టరమ్మ. అన్నయ్య అటు చూసి ఇటు చూశాడు. కన్ను ఆగింది. లోపల కటకం ఆగలేదు. ఇంకాసేపు అలా వణికి అప్పుడు నిలబడింది.

ఈ పొట్టు సంగతి మీకు ముందు భాగాల్లో చెప్పాను, మళ్ళీ ఒక్క మాట చెబుతాను. వయసు మీద పడ్డాక కొందరి కళ్ళలో ఇది పేరుకుంటుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, మనిషికి ఏమీ తెలియదు. కానీ కటకాన్ని పట్టి ఉంచే దారాలను వదులు చేస్తుంది. కంటిపాపను విచ్చుకోనివ్వదు. లోపల ఒత్తిడి పెంచి, చూపు నరాన్ని చప్పుడు లేకుండా తినేస్తుంది. అలాంటి కంట్లోంచి శుక్లం తీయడమంటే కుట్లు ఊడిపోతున్న సంచిలోంచి బరువైన వస్తువు పైకి తీయడమే. ఎంత నెమ్మదిగా తీసినా, సంచి ఎప్పుడు చేతిలోంచి జారుతుందో చెప్పలేం.

"కుడికంట్లో ఉందన్నారు, అదేనా ఇది?" వదిన అడిగింది.

"అదే. ఇందులో ఇంకా ముదిరింది. ఒత్తిడి ఇరవై ఒకటి దాటకూడదు. ఆపరేషన్‌కి ముందు ఇరవై రెండు ఉంది, ఇవాళ ముప్పై ఆరు." డాక్టరమ్మ యంత్రం దీపం తగ్గించి కార్డు తీసింది. చాలాసేపు దాన్నే చూసింది. "నాకు ఒక్క సంగతి అర్థం కావడం లేదు. ఈ కటకంలోంచి లోపల నరం ఎలా ఉందో చూద్దామంటే నాకేమీ కనబడటం లేదు. నాకు లోపలికి కనబడని కిటికీలోంచి, ఈయనకి బయటికి చివరి లైను ఎలా కనిపించింది?"

కార్డు నా వైపు తిప్పింది. కుడి, ఐదో లైను. ఎడమ, చివరి లైను. చేతిరాత నాది.

ఇక్కడ మీకు మా బోర్డు గురించి చెప్పాలి. దానికి రెండు వైపులా అంకెలుంటాయి, ఒక్కో వైపు ఒక్కో వరస. కుడికన్ను చూశాక బోర్డు తిప్పి, రెండోవైపు ఎడమకంటికి చూపించాలి. మొదటి కంటితో చదివింది గుర్తుండిపోయి రెండో కంటికి అప్పజెప్పేస్తారు కాబట్టి. కొత్తగా చేరిన నర్సులకి మొదటిరోజు నేను చెప్పే పాఠం ఇదే. తిప్పడం మర్చిపోయిన ఒకమ్మాయిని వరండాలో అందరి ముందూ కడిగేశాను కూడా. ఆ అమ్మాయి ఏడ్చింది.

అన్నయ్యని చూసిన రోజు నేను తిప్పలేదు. బయట అరవైమంది ఉన్నారు. గొలుసు మడతపడి ఉంది. "తిప్పకే బుల్లీ, అంకెలతో నన్ను భయపెడతావా, అవి నా కొట్లో గోడమీద పుట్టి పెరిగాయి" అన్నాడు అన్నయ్య. నిజంగానే పెరిగాయి. ఇరవై మూడేళ్ళ కిందట మా ఆసుపత్రిలో పాత బోర్డు మార్చి పారేస్తుంటే, దాన్ని తీసుకెళ్ళి అన్నయ్య కొట్లో తగిలించింది నేనే. కొత్తదాంట్లోనూ అదే వరస. ఇరవై మూడేళ్ళుగా రోజుకి పదిమంది చేత ఆయన చదివించిన అంకెలు. రెండోవైపు మాత్రం గోడకి ఆనించి మేకులు కొట్టేశాడు, అది ఆయన ఒక్కసారీ చూడలేదు.

డాక్టరమ్మ చీటీ మీద మూడు మాటలు రాసి నా చేతిలో పెట్టింది. 'చప్పుడు కాకుండా తిప్పండి.'

"సిస్టర్, ఎడమకన్ను ఒకసారి మళ్ళీ చదివించండి," అంది పైకి, మామూలు గొంతుతో.

వెళ్ళాను. గొలుసు గలగలమనకుండా గుప్పిట్లో పట్టుకుని బోర్డు తిప్పాను. కర్ర తీసుకుని పైన ఉన్న పెద్ద అంకె కింద పెట్టాను. అక్కడ ఉన్నది రెండు.

"ఆరు," అన్నాడు అన్నయ్య.

కర్ర కిందికి దించాను.

"మూడు, తొమ్మిది."

దించాను. చదువుతున్నాడు. కొట్లో బేరగాళ్ళకి వినిపించే గొంతుతో, వరసగా, తాపీగా చదువుతున్నాడు. ఒక్క అంకె కూడా నా ముందున్న బోర్డులో ఉన్నది కాదు. ఆరో లైనులో ఎనిమిదిని మూడు అనుకుని జనమంతా తడబడతారు. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి తనూ తడబడ్డాడు. "మూడు... కాదు కాదు, ఎనిమిది" అన్నాడు. అది విన్నాక కర్ర దించేశాను. చివరి లైను ఆయన ఒక్కడే చదువుకున్నాడు, నేను కర్ర పెట్టనేలేదు.

"ఏం, ఫస్టు క్లాసేనా?" అన్నాడు.

డాక్టరమ్మ బల్ల వైపు చూస్తోంది. వదిన లేచి నిలబడింది.

"ఏవండీ. అక్కడ మొదటిది రెండండీ. ఇంత లావున ఉంది. మీరు ఆరు అన్నారు."

అన్నయ్య మొహం మీద నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత దాన్ని ఏం చేయాలో తెలియనట్టు తల దించుకున్నాడు.

డాక్టరమ్మ లేచి టార్చి తీసుకుంది. కుడికన్ను అరచేత్తో మూయించి, ఎడమకంటికి ఒక్కోవైపు నుంచి వెలుగు వేసి, ఎటునుంచి వస్తోందో చెప్పమంది. ఇందులో బట్టీ పట్టడానికి ఏమీ లేదు. పైనుంచి వేస్తే చెప్పాడు. కిందినుంచి వేస్తే కాస్త ఆలోచించి చెప్పాడు. చెవివైపు నుంచి వేస్తే చెప్పాడు. ముక్కువైపు నుంచి వేసినప్పుడు, "టార్చి ఆపేశారా డాక్టరమ్మా" అని అడిగాడు.

ఆమె టార్చి ఆపేసి కూర్చుంది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. నా వైపు చూడకుండానే చెప్పింది.

"సిస్టర్, మనం చేసింది మంచి కంటికి."

నాకు ముందే అర్థమైంది. వదినకి అర్థం కాలేదు. డాక్టరమ్మ ఆమెకి విడమరచి చెప్పింది.

"ఆ రోజు కార్డులో కుడికంటికి చూపు తక్కువ, ఎడమకంటికి ఎక్కువ అని ఉందమ్మా. అందుకని కుడికన్ను ముందు చేశాం. అసలు సంగతి తలకిందులు. కుడికన్నే అప్పటిదాకా ఈయన్ని నడిపిస్తూ వచ్చింది, ఎడమకన్ను ఎప్పుడో చాలావరకు ఆగిపోయింది. ఆ పొట్టు ఉందని తెలిసే అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాను. అయినా దారాలు తెగాయి, ఇలాంటి కళ్ళలో తెగుతాయి, అది నేను ఒప్పుకుంటాను. కానీ నడిపించే కన్ను అదొక్కటే అని తెలిస్తే, ముందు దాన్ని ముట్టుకునేదాన్ని కాదు. ఎడమది చేసేదాన్ని. అది పోయినా ఈయనకి ఇంకొకటి ఉండేది." ఆగి, "నేను కూడా కార్డే నమ్మాను. ఎడమకన్ను నేను మళ్ళీ చూసుకోలేదు," అంది.

ఆ తప్పులో ఆమె తన వాటా తీసుకుంది. నాకది ఓదార్పు అవుతుందని అనుకుందేమో. కాలేదు. కన్ను పోయింది మా అన్నయ్యది. బోర్డు తిప్పనిది నేను. ఒక్కసారి మణికట్టు తిప్పితే అయిపోయే పని. ఆ మణికట్టు నరికేసుకోవాలనిపించింది.

వదిన అన్నయ్య ముందుకి వచ్చి నిలబడింది. "మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"ఏం తెలుసు?"

"ఎడమకంటితో కనబడటం లేదని."

అన్నయ్య నా వైపు తిరిగాడు. తిరిగాడంటే నేను మొదట్లో నిలబడిన చోటుకి తిరిగాడు. నేను అక్కడ లేను, బోర్డు దగ్గరే ఉన్నాను.

"ఆ రోజు నేను అబద్ధం చెప్పలేదే బుల్లీ. కుడికంటితో మసకమసకగా చదివాను. నువ్వు కన్ను మార్పించావు, కర్ర పెట్టావు. నోరు దానంతటది పోయింది. చూస్తున్నాననే అనుకున్నాను. ఒట్టు. రెండు కళ్ళూ తెరిచి ఉన్నప్పుడు ఏది చూస్తోందో మనిషికి ఎలా తెలుస్తుంది?"

తెలియదు. ఆ మాట నిజం. రోజూ చూస్తాను అలాంటివాళ్ళని.

"మరి ఎప్పుడు తెలిసింది?" వదిన వదల్లేదు.

"ఆపరేషన్ మర్నాడు. కుడికంటికి కట్టు ఉంది కదా, మంచం దిగి తలుపు ఎటుందా అని చూశాను. తలుపు లేదు."

"మూడు వారాలు," అంది వదిన. "మూడు వారాలు నాకు చెప్పలేదు. పేపరు పట్టుకుని కూర్చుంటే చదువుతున్నారనుకున్నాను. చొక్కా తిరగేసి తొడుక్కుంటే పరధ్యానం అనుకున్నాను. వీధిలో నా చెయ్యి పట్టుకుని నడుస్తుంటే, ఈ వయసులో ఈయనకి నామీద ప్రేమ పుట్టుకొచ్చిందని సిగ్గుపడ్డాను కూడా."

ఎవరైనా నవ్వాల్సిన మాట అది.

"ఎందుకు చెప్పలేదన్నయ్యా?" నేను అడిగాను. "మర్నాడే చెబితే ఆ రోజే ఒత్తిడికి మందు వేసేవాళ్ళం కదా. ఈ మూడు వారాల్లో ఎంత నరం పోయిందో నీకు తెలుసా?"

"చెబితే ఏమవుతుంది? డాక్టరమ్మ ఇదే ప్రశ్న అడుగుతుంది. చివరి లైను ఎలా చదివాడు అని. కార్డు తీస్తారు. నీ చేతిరాత. బోర్డు తిప్పావా అంటారు." చెయ్యి గాల్లో ఊపాడు. "ఒక కన్ను ఎలాగూ పోయింది. ఇంకొకటి ఎలాగూ సగం పోయింది. నువ్వన్నా మిగులుతావనుకున్నాను."

నాకు కోపం వచ్చింది. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో మా అన్నయ్యని పట్టుకుని ఊపేయాలనిపించింది. నన్ను కాపాడటానికి తన కంటిని తనే పాడుచేసుకున్నాడు. నేను చేసింది ఒక్క నిమిషం తప్పు, దాన్ని ఈయన మూడు వారాలు పెంచి పోషించాడు. ఆ కోపం వెనకాలే ఏడుపు వచ్చింది. ఆసుపత్రిలో ఏడవకూడదని నేర్చుకున్న అలవాటు కొద్దీ ముక్కు చీది ఊరుకున్నాను.

"ఇంక అబద్ధాలు వినే ఓపిక నాకు లేదు," అంది వదిన. "అన్నాచెల్లెళ్ళిద్దరికీ చెబుతున్నాను. నా దగ్గర ఇంకొక్కటి దాచినా నేను ఊరుకోను." యాభై దాటినా నేను వదినకి ఇంకా అమ్మాయినే. ఆ రోజు ఆ పిలుపు కూడా పిలవలేదు.

డాక్టరమ్మ బల్ల మీద గడియారం చూసుకుంది. పదకొండున్నర. బయట వరండాలో జనం గొణుగుతున్నారు.

"జరిగింది తర్వాత మాట్లాడుకుందాం. ఈ కన్ను సంగతి చెబుతాను, వినండి. ఒత్తిడికి ఇప్పుడే మందు మొదలుపెడతాను. కానీ కటకం ఊగుతోంది. దగ్గినప్పుడో, చెప్పులు వేసుకోవడానికి వంగినప్పుడో దానంతటదే జారిపోవచ్చు. అప్పుడు నా చేతిలో ఏమీ ఉండదు. ఎల్లుండి మొదటి కేసుగా పెట్టుకుంటాను. కంటి వెనక భాగం చూసే డాక్టర్ని కూడా పక్కనే నిలబెట్టుకుంటాను."

"చేస్తే కనిపిస్తుందా?" వదిన అడిగింది.

"దారాలు నిలబడితే ఇంట్లో తిరిగేంత చూపు రావచ్చు. మీ మొహం తెలియవచ్చు. నిలబడకపోతే కుడికంటికి జరిగిందే మళ్ళీ. దేనికీ మాటివ్వలేను. చేయకపోతే మాత్రం కొద్దినెలల్లో టార్చి వెలుగు కూడా తెలియదు. అదొక్కటే నిక్కచ్చిగా చెప్పగలను."

ఆపరేషన్‌కి ఒప్పుదల కాగితం తీసి బల్లమీద పెట్టింది. అందులో నడిమధ్యన 'ముందు జరిగినది' అని ఉండి, కింద ఖాళీగా నాలుగు గీతలుంటాయి.

"సిస్టర్, ఇందులో ఉన్నది ఉన్నట్టు రాయండి. ఏ కన్ను చేశాం, ఎందుకు చేశాం, ఎక్కడ తప్పు జరిగింది. ఇది పై అధికారులకి వెళ్తుంది. ఏమవుతుందో మీకు తెలుసు, నేను చేయగలిగింది చేస్తాను. సంతకం ఆయనది."

"అలాగే డాక్టర్," అన్నాను.

"అలాగే ఏంటి అలాగే," అన్నాడు అన్నయ్య. కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. "నేను చెప్పింది రాయండి. అద్దాలాయన కావాలనే అంకెలు బట్టీ పట్టి డాక్టర్లని మోసం చేశాడు, ఆసుపత్రివాళ్ళ తప్పేమీ లేదు అని రాయండి. సిస్టర్ బోర్డు తిప్పిందని రాయండి. అప్పుడు చేస్తాను సంతకం."

"అలా రాయడానికి వీల్లేదు," అంది డాక్టరమ్మ.

"అయితే నాకు ఆపరేషన్ వద్దు. పదవే, ఇంటికి పోదాం," అన్నాడు వదినతో. గుమ్మం అనుకుని మందుల బీరువా వైపు రెండడుగులు వేశాడు. నేను వెళ్ళి భుజం పట్టుకుని వెనక్కి తెచ్చాను.

మా అన్నయ్య మొండితనం ముందు బండరాయి దిగదుడుపు. ఆ సంగతి డాక్టరమ్మకి తెలియదు, మాకు తెలుసు. ఆమె ఇంకో రెండు మాటలు చెప్పి చూసింది. ఆయన గుడ్లప్పగించి గోడకేసి తిరిగి నిలబడ్డాడు. చివరికి ఆమె నా చేతికి కలం ఇచ్చింది. "ఎల్లుండి ఆపరేషన్ల లిస్టు ఇవాళ పన్నెండింటికి మూసేస్తారు. ఆయన మీ అన్నయ్య, మీరే మాట్లాడండి," అని వరండాలోకి వెళ్ళిపోయింది.

ముగ్గురం మిగిలాం.

బతిమాలాను. తిట్టాను. "నీ కన్ను కన్నా నా ఉద్యోగం ఎక్కువటన్నయ్యా" అని అడిగాను. ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది.

"నర్సు ట్రైనింగుకి వెళ్తానంటే ఇంట్లో ఒక్కళ్ళు ఒప్పుకోలేదు నీకు. నేను బస్సెక్కించాను. గుర్తుందా? ఆసుపత్రిలో నువ్వు నిలబడితే నేను నిలబడినట్టు ఉండేదే నాకు. కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ అదే చెబుతాను, కళ్ళు బాలేకపోతే మా చెల్లి దగ్గరికి వెళ్ళండి అని. రేపటినుంచి ఏమని చెప్పను? కళ్ళు తీసేసింది కూడా మా చెల్లే అని చెప్పనా?"

"నిజం అదే కదా."

"నాకా నిజం వద్దు," అన్నాడు. గొంతు పెంచలేదు. "చీకట్లోనైనా కూర్చుంటాను గానీ, ఆ కాగితం మీద సంతకం చేయను."

చేయడు. నాకు తెలుసు. గడియారం పన్నెండుకి పది నిమిషాలు చూపిస్తోంది. ఈ కన్ను కూడా ఇలా కుర్చీలో కూర్చుని మాటలతోనే పోగొట్టుకుంటామా అనిపించింది. నాకు ఇంక ఏ దారీ కనబడలేదు. కాగితం దగ్గరికి లాక్కున్నాను.

"సరే. నువ్వు చెప్పినట్టే రాస్తాను. చెప్పు."

"నిజంగానా?"

"నిజంగానే. నాకూ ఉద్యోగం కావాలి."

ఆ మాటకి ఆయన మొహం ఎంత తేటపడిందో చెప్పలేను. కుర్చీలో వెనక్కి వాలాడు. మాట మాటా వత్తి చెప్పాడు, నేను రాసుకోవడానికి వీలుగా. నేను రాశాను. ఆయన 'కావాలనే' అన్నప్పుడు నేను 'పరీక్షించిన సిస్టర్' అని రాశాను. ఆయన 'బట్టీ పట్టి' అన్నప్పుడు 'నిబంధన ప్రకారం బోర్డు తిప్పలేదు' అని రాశాను. 'అందువల్ల చూపు ఉన్న కంటికి ముందుగా ఆపరేషన్ జరిగింది. తప్పు పూర్తిగా నాది.' కింద నా పేరు, నా సర్వీసు నంబరు వేశాను. కలం చప్పుడు ఆగేదాకా ఆయన చెవి అటే పెట్టి విన్నాడు.

వదిన నా భుజం వెనక నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చి నిలబడిందో చూసుకోలేదు.

"చదువు," అన్నాడు అన్నయ్య.

చదివాను. ఆయన చెప్పినదాన్ని ఆయన చెప్పినట్టే, ఒక్క మాట జారకుండా, ఆ కాగితంలోకి చూస్తూ చదివాను. ఎక్కడా తడబడలేదు. అంతకుముందు గంటలో ఆయన బోర్డు చదివినట్టే చదువుతున్నానని నాకే తెలిసింది.

"బాగుంది. ఎక్కడ చేయాలి సంతకం?"

ఆయన చెయ్యి పట్టుకుని చూపుడువేలు గీత మీద పెట్టాను. కలం ఇచ్చాను. వేలి పక్కన కలం ఆనించి, తల పక్కకి వంచి, చిన్నపిల్లలు రాసుకున్నట్టు మొదటి అక్షరం నెమ్మదిగా దిద్దాడు. రెండో అక్షరం గీత దాటి కిందికి జారింది. ఇంకో రెండు అక్షరాలుంటాయి ఆయన పేరులో, అంతే. ఎల్లుండి లిస్టులో ఆయన ఉంటాడు.

వదిన కాగితం మొత్తం చదివింది. పైనుంచి కిందిదాకా చదివి, నా మొహంలోకి చూసింది. నేను చేతులు జోడించాను. నోరు తెరవద్దని, దండం పెడతానని, కళ్ళతోనే అడిగాను.

వదిన చెయ్యి చాపి అన్నయ్య చేతిలో కలం గట్టిగా పట్టుకుంది.

"ఏవండీ, ఒక్క నిమిషం ఆగండి," అంది.